సువార్త మేడం లింకన్ని చూడలేదు

సువార్త మేడం అబ్రహాం లింకన్ని చూడలేదు. ఇంత ముఖ్యమైన సంగతి మా కాలేజీలో ఇన్నేళ్లుగా ఒక్కరికీ తట్టలేదంటే మేమంతా ఎంత మొద్దునిద్రలో ఉన్నామో ఆలోచించండి. ఆవిడ దర్జాగా క్లాసులోకి వెళ్లడం, అమెరికా అంతర్యుద్ధం నిన్న మధ్యాహ్నం మా సంత మార్కెట్లో జరిగినట్టు చెప్పడం, బి.ఏ. పిల్లలతో పాటు కామర్సు పిల్లలు కూడా వెనక బెంచీల్లో ఇరుక్కుని కూర్చోవడం, ఇదంతా మా కళ్లముందే జరిగిపోయింది. ఇదేమిటమ్మా, చూడని మనిషి గురించి ఇలా చెప్పేస్తున్నావేమిటని అడిగిన నాథుడు లేడు.

కనిపెట్టినవారు మూలాధార బోధనా మండలి వారు. కాలేజీల్లో చరిత్ర ఎలా చెప్పాలో చెప్పడానికి పుట్టిన సంస్థ అది. దాని డైరెక్టరు డాక్టర్ చిదంబరేశ్వర్ గారు శిక్షణ కోసమని అమెరికా వెళ్లి కొద్దిరోజులు ఉండి వచ్చారు. అక్కడ పాత ఉత్తరాలూ, ఫోటోలూ, కోర్టు కాయితాలూ అన్నీ ఇంటర్నెట్లో పెట్టేశారట. బడిపిల్లలు కూడా వాటిని తెరిచి, ఎవరో రాసిన పుస్తకం మీద ఆధారపడకుండా, తామే చదివి తామే ఆలోచిస్తారట. వినడానికి మంచి సంగతే. నిజం చెప్పాలంటే చాలా మంచి సంగతి. కానీ మంచి సంగతి ఏదైనా మా ఆఫీసుల్లో అడుగు పెట్టిందంటే నాకు భయం వేస్తుంది.

నా పేరు గవర్రాజు. గోదావరి ఒడ్డున ఉన్న ఈ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పైగా నాణ్యతా విభాగానికి సమన్వయకర్తని. అంటే ఏ సర్క్యులర్ వచ్చినా అది అమలైనట్టు ఫోటోలతో సహా ఫైలు కట్టవలసినవాణ్ణి నేనే. అమలు జరిగిందా లేదా అన్నది నా విభాగం పరిధిలోకి రాదు.

సర్క్యులర్ని మా ప్రిన్సిపాల్ డాక్టర్ విశ్వపతి గారు స్టాఫ్ మీటింగు పెట్టి, నిలబడి చదివారు. ఆయన వృక్షశాస్త్రం మనిషి. ఒకప్పుడు మొక్కల్ని ప్రేమించేవారట, ఇప్పుడు సర్క్యులర్లని ప్రేమిస్తున్నారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, అమెరికా చరిత్ర పేపరును ఇకమీదట ఆన్‌లైన్ మూలాధారముల ద్వారా మాత్రమే బోధించవలెను. ఒక ఘటనను స్వయముగా చూడని వ్యక్తి ఆ ఘటనను గూర్చి పలుకు మాటలు ద్వితీయ శ్రేణి ఆధారములుగా పరిగణింపబడును. ద్వితీయ శ్రేణి ఆధారములు తరగతి గదిలో నిషిద్ధము."

చదివి, కళ్లద్దాల మీదుగా సువార్త మేడం వైపు చూశారు. మేం కూడా చూశాం. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉండే నలిగిపోయిన నోట్సు కట్ట ఉంది. చప్పున దాన్ని ఒళ్లో పెట్టుకున్నారు, ఏదో దొంగసొత్తు దొరికిపోయినట్టు.

"అంటే నేను ద్వితీయ శ్రేణి అన్నమాటండీ" అన్నారావిడ.

"మీరు వ్యక్తిగతంగా తీసుకోకండి మేడం. మీరు లింకన్ని చూశారా?"

"లేదండి."

"కనీసం అమెరికా?"

"కాకినాడ దాటి వెళ్లలేదండి."

"అదే మరి! చూడకుండా చెప్పేస్తే దాన్ని పుకారంటారు. ఇన్నాళ్లు మనం పిల్లలకి పుకార్లు చెప్పాం."

"మరి క్లాసులో నేనేం చెయ్యాలండీ?"

"మౌసు పట్టుకోండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు ఎంతో ఆప్యాయంగా. "బొమ్మ తరవాత బొమ్మ నొక్కుతూ ఉండండి. నోరు మాత్రం విప్పకండి."

సర్క్యులర్ చివర ఇంకో పేరా ఉంది. ఏడాది చివర డైరెక్టరు గారే స్వయంగా తనిఖీకి వస్తారు. విద్యార్థులు మూలాధారాలను విశ్లేషించలేని పక్షంలో ఆ కాలేజీలో హిస్టరీ సెక్షన్ ఎత్తేసి జిల్లా కేంద్రంలోని కాలేజీలో కలిపేస్తారు. అంటే సువార్త మేడానికి ఎక్కడికో బదిలీ. పిల్లలకి రోజూ బస్సులో అంత దూరం ప్రయాణం.

ఈ మాట పిల్లలకి తెలియడానికి అట్టే సేపు పట్టలేదు. ఫైనలియర్లో పోలేశ్వరి అనే అమ్మాయి ఉంది. లంక గ్రామం వాళ్లది. పొద్దున్నే పంటు మీద గోదావరి దాటి వస్తుంది. ఆ పిల్ల వరండాలో నన్నాపి అడిగింది.

"సెక్షనెత్తేత్తారంట, నిజమేనాండి?"

"తనిఖీలో మీరు బాగా చెబితే ఎత్తరమ్మా."

"మేడం చెప్పకుండా మేమేం చెబుతామండి? అంత దూరం మా నాన్న పంపడండి. ఇక్కడికి పంపడానికే మా అమ్మ రెండ్రోజులు అన్నం మానేసింది. సెక్షన్ పోతే నా చదువు పోయినట్టేనండి."

నాణ్యతా విభాగం తరఫున తలకాయ ఊపి వచ్చేశాను.

మొదటి క్లాసు ఎలా జరుగుతుందో ఫోటో తియ్యాలి కదా, వెళ్లి వెనక కూర్చున్నాను. తెర మీద గడ్డం ఉన్న పొడుగాటి మనిషి ఫోటో పడింది. మేడం మౌసు పట్టుకుని పెదాలు బిగించి కూర్చున్నారు. క్లాసంతా గుడ్లప్పగించి చూస్తోంది.

"ఎవరండీ ఈయన?" అన్నాడు సత్తిపండు. మంచి కుర్రాడే, కడుపులో మాట దాగదు.

మేడం తెర వైపు చెయ్యి చూపించారు. ఆయన్నే అడుగు అన్నట్టు.

"గెడ్డం చూత్తే మా ఊరి పాస్టరు గారిలాగున్నాడండి. ఏంటో బెంగ పెట్టుకున్నట్టున్నాడు."

మేడం మొహం వెలిగింది. బెంగ ఎందుకో చెప్పాలని ఆవిడకి ఎంతగా ఉందో మెడ నరాలు చూస్తే తెలుస్తోంది. గబుక్కున రెండు చేతులూ ఎత్తి, మణికట్ల దగ్గర సంకెళ్లున్నట్టు పెట్టి, ఫట్‌మని విడదీశారు. పిల్లలు "ఓ!" అన్నారు. బానిసత్వం రద్దయిందని అర్థమైపోయింది.

గదిలో సీసీ కెమెరా ఉంది. మాటలు వినపడవు గానీ పెదాలు కదిలిందీ లేనిదీ ప్రిన్సిపాల్ గారికి తన గదిలోంచే కనిపిస్తుంది. సాయంత్రానికల్లా మెమో వచ్చింది. "అభినయము కూడా వ్యాఖ్యానము కిందికే వచ్చును. కావున అధ్యాపకురాలు తరగతిలో చేతులు కట్టుకుని ఉండవలెను." చేతులు కట్టుకుంటే మౌసు ఎలా నొక్కాలని నేనడిగాను. ఒక చెయ్యి కట్టుకోమన్నారు.

ఫోటోలు అలా నడిచాయి. ఉత్తరాల దగ్గర అసలు చిక్కొచ్చింది. ఆ రోజుల్లో వాళ్లు ఇంగ్లీషుని కలిపి, మెలిపెట్టి, తీగలు పాకించి రాసేవారు. మా పిల్లలకి అచ్చులో ఉన్న ఇంగ్లీషే అంతంత మాత్రం. మేడం చదవగలరు, కానీ ఆవిడ చదివితే అందులో ఎక్కడ గొంతు పెంచారు, ఎక్కడ తగ్గించారన్నది వ్యాఖ్యానమైపోతుందని ప్రిన్సిపాల్ గారి అనుమానం. చరిత్రతో ఏ సంబంధమూ లేని, ఎంత గజిబిజి రాతైనా చదవగల మనిషి కావాలన్నారు. ఆలోచించి ఆలోచించి, బస్టాండు ఎదురుగా మెడికల్ షాపు పెట్టుకున్న వీర్రాజుని పిలిపించాం. ఊళ్లో డాక్టర్ల రాతలన్నీ అతనే చదువుతాడు.

వీర్రాజు తెర ముందు నిలబడి, యుద్ధంలోంచి ఒక సైనికుడు పెళ్లానికి రాసిన ఉత్తరాన్ని తేరిపార చూశాడు.

"'డియర్' అని ఉందండి. ఆ తరవాత... పరగడుపునొకటి, పడుకోబోయే ముందొకటి."

"ఏంటి, అలా ఉందా?" అన్నాను.

"రాత అలాగే ఉంటాదండి. ఇదిగో ఈ మెలిక చూడండి, ఇది గ్యాసుదే. కింద, ఐదు రోజులు వాడి మళ్లీ రమ్మన్నాడు."

పిల్లలు రాసుకున్నారు. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికులు గ్యాస్ ట్రబుల్‌తో తీవ్రంగా బాధపడ్డారని ఆ టెర్మినల్ పరీక్షలో క్లాసంతా ఏకగ్రీవంగా రాసింది. మేడం ఆ పేపర్లు దిద్దుతూ కొంగు నోట్లో కుక్కుకున్నారు. అది నవ్వో ఏడుపో నాకు అంతుపట్టలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం పొంగిపోయి, ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ లేని విషయం మన పిల్లలు కనిపెట్టారని మండలికి నివేదిక పంపారు.

మండలి నుంచి మెచ్చుకోలు రాలేదు, అభ్యంతరం వచ్చింది. ఇంటర్నెట్ నుంచి దింపుకున్నవి నకళ్లు మాత్రమేనట. ఏ నకలునైనా గెజిటెడ్ అధికారి ఒరిజినల్‌తో సరిపోల్చి, ఆకుపచ్చ సిరాతో అటెస్ట్ చెయ్యాలన్నది మన దేశంలో పద్ధతి. పదో తరగతి మార్కుల జాబితాకే అటెస్టేషన్ కావాలంటే ఒక దేశపు స్వాతంత్ర్య ప్రకటనకి అక్కర్లేదా? కాలేజీ వాళ్లే సంతకం పెట్టుకుంటే అది స్వప్రయోజనమవుతుంది గనక బయటి అధికారి కావాలన్నారు. తహసీల్దారు గారు ఎప్పుడు వెళ్లినా మీటింగులో ఉన్నారు. మునిసిపల్ కమిషనర్ కుర్చీ ఖాళీ. మిగిలింది పశువుల ఆసుపత్రి డాక్టరు రంగనాయకులు గారు.

నేను స్వాతంత్ర్య ప్రకటన పట్టుకుని వెళ్లేసరికి ఆయన ఒక గేదె నోట్లో చెయ్యి పెట్టి ఉన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి కాయితం అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఒరిజినలేదండీ?"

"అమెరికాలో ఉందండి."

"తోలుకురండి."

"అది రాదండి డాక్టరు గారూ. గాజుపెట్టెలో పెట్టి కాపలా కాస్తారంట."

"చూడండి గవర్రాజు గారూ, గేదెని చూడకుండా గేదె బావుందని నేను సంతకం పెట్టనండి. ఇన్సూరెన్సోళ్ల దగ్గర అలా పెట్టిన మా వోడొకడు ఇంటికెళ్లిపోయాడు. గేదెకైతే ఓ రూలు, అమెరికాకైతే ఓ రూలూనా?"

కాయితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ప్రిన్సిపాల్ గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. అమెరికా వారికి స్వయంగా ఉత్తరం రాశారు. "పై విషయమును పురస్కరించుకొని, తమ స్వాధీనములో నున్న స్వాతంత్ర్య ప్రకటన ఒరిజినల్‌ను అటెస్టేషన్ నిమిత్తము రిజిస్టర్డ్ పోస్టులో పంపవలసినదిగా కోరడమైనది. పని పూర్తయిన వెంటనే భద్రముగా తిప్పి పంపబడును. తిరుగు కవరు జతపరచడమైనది." నిజంగానే తిరుగు కవరు జతపరిచారు, మా కాలేజీ అడ్రసుతో.

ఎవరో పాపం ఓపిగ్గా జవాబిచ్చారు. ఆ కాయితం ఎక్కడికీ కదలదనీ, మీరే ఎప్పుడైనా వచ్చి చూడవచ్చనీ, టిక్కెట్టు కూడా లేదనీ రాశారు. ప్రిన్సిపాల్ గారు ఆ జవాబుని నా ఫైల్లో పెట్టించారు. "మనమీద నమ్మకం లేదండీ వాళ్లకి" అన్నారు.

తనిఖీ దగ్గర పడుతోంది. నేను మళ్లీ వెళ్లి రంగనాయకులు గారి కాళ్లావేళ్లా పడ్డాను. పోలేశ్వరి సంగతి చెప్పాను. ఆయన మెత్తబడి, "సరిపోల్చి చూశాను అని మాత్రం రాయనండి. నా కంటికి కనపడింది రాస్తాను" అన్నారు. ఆయన దగ్గరున్న రబ్బరు స్టాంపు ఒకటే, పశువుల ఆరోగ్య ధ్రువపత్రానిది. అది వేసి ఖాళీలు నింపారు. ఆ విధంగా అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మా కాలేజీ ఫైల్లో ఇలా చేరింది: "వయసు: ముదురు. రంగు: పసుపు. చూడి: లేదు. పాలు: నిల్. అంటువ్యాధి లక్షణములు కనబడలేదు."

ఈ లోపల ప్రిన్సిపాల్ గారికి ఉత్సాహం ఆగలేదు. ఒక్క చరిత్రకే ఎందుకు, నిజాయితీ అన్ని సబ్జెక్టులకీ ఉండాలి గదా అని నియమాన్ని కాలేజీ అంతటికీ విస్తరించారు. కెమిస్ట్రీ ఆయన అణువుని స్వయంగా చూడలేదని రాసిచ్చి స్టాఫ్‌రూములో పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. తెలుగు మేష్టారు రాజరాజనరేంద్రుణ్ణి చూడలేదు, అందుచేత ఆయనా వచ్చి పక్కన కూర్చున్నారు. నాకు మరీ ఇబ్బంది. మా ఎకనామిక్స్‌లో మార్కెట్‌ని నడిపించే అదృశ్య హస్తం అని ఒకటుంది. దాన్ని చూశానంటే అది అదృశ్యం కాదు, చూడలేదంటే నేను చెప్పకూడదు. నేను కూడా ఒక కుర్చీ వెతుక్కున్నాను. హాజరు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. వచ్చిన పిల్లవాడు "ప్రెజెంట్ సార్" అంటాడు, అది మూలాధారమే. రానివాడు రాలేదనడానికి వాడి నోటి మాటేదీ? రానివాళ్లెవరూ మేం రాలేదని చెప్పలేదు గనక అందరూ వచ్చినట్టే రాశాం. మా కాలేజీ చరిత్రలో హాజరు నూటికి నూరు పడింది. దానికి మాకో ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

సువార్త మేడం ఆ రోజుల్లో బాగా నలిగిపోయారు. స్టాఫ్‌రూములో కూడా మాట తగ్గించేశారు. ఒకసారి టీ తాగుతూ నాతో అన్నారు: "ఉద్యోగం ఎక్కడికేసినా చేసుకుంటానండి. ఆ పోలేశ్వరి మొహం చూడలేకపోతున్నాను. రోజూ ముందు బెంచీలో కూర్చుని, ఒక్క ముక్కైనా చెబుతానేమోనని నా నోటికేసే చూస్తాదండి." ఏం చేస్తాం, నా ఫైలు మాత్రం లావెక్కుతూనే ఉంది.

తనిఖీ రోజు వచ్చింది. గేటుకి మావిడాకులు కట్టాం. చిదంబరేశ్వర్ గారు కారు దిగారు. మనిషి మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడతారు, ప్రతి మాటా ముందే టైపు చేయించుకున్నట్టుంటుంది. అటెస్టేషన్ మీద అనుమానాలొస్తే చెప్పడానికి రంగనాయకులు గారిని కూడా పిలిపించాం. ఆయన భోజనానికి ఉండమన్నామని వచ్చి, మాతో పాటు క్లాసులో కూర్చున్నారు.

క్లాసులో తెర మీద ఒక ఫోటో వేయించారు డైరెక్టరు గారు. గోడ. గోడకి తాగేనీళ్ల కుళాయిలు రెండు. ఒకటి పెద్దది, తళతళలాడుతోంది, కింద పింగాణీ తొట్టి. పక్కన చిన్నది, మాసిపోయి, తుప్పు పట్టి ఉంది. పైన బోర్డులున్నాయి గానీ అక్షరాలు చెరిగిపోయాయి.

"విద్యార్థులారా, ఈ మూలాధారమును విశ్లేషించండి" అన్నారు డైరెక్టరు గారు.

ఆయన వేలు సత్తిపండు మీద ఆగింది. వాడు లేచాడు.

"రెండు కుళాయిలండి."

"శభాష్. ఇంకా?"

"ఒకటి పెద్దదండి. ఒకటి చిన్నదండి."

"ఎందుచేత?"

"తెల్దండి. పెద్దది పెద్దోళ్లకీ, చిన్నది పిల్లలకేమోనండి."

ప్రిన్సిపాల్ గారు పళ్లికిలించారు. డైరెక్టరు గారు నవ్వలేదు. పోలేశ్వరిని లేపారు. ఆ పిల్ల తెర వైపు చూసింది, మేడం వైపు చూసింది, తల దించుకుంది.

"మాకెవరూ చెప్పలేదండి" అంది.

"చెప్పకూడదమ్మా. మీరే ఆలోచించాలి."

"దేని గురించి ఆలోచించాలో అయినా తెలియాలి గదండీ" అంది పోలేశ్వరి, కళ్లనీళ్లు తిరుగుతుంటే.

డైరెక్టరు గారు నిట్టూర్చారు. పక్కనున్న గుమాస్తాతో, "విశ్లేషణా సామర్థ్యము శూన్యము. విలీనమునకు సిఫారసు చేయడమైనది" అని రాసుకోమన్నారు. గుమాస్తా పెన్ను తీశాడు. పోలేశ్వరి బెంచీ అంచు పట్టుకుని నిలబడిపోయింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను చూశానండి."

ఎవరా అని అందరం తల తిప్పి చూశాం. సువార్త మేడం. కట్టుకున్న చెయ్యి విప్పేశారు. ఎన్ని నెలల తరవాతో క్లాసులో ఆవిడ గొంతు వినపడింది.

"ఏమి చూశారు? అమెరికా వెళ్లారా?" అన్నారు డైరెక్టరు గారు.

"అమెరికా కాదండి, మా ఊరు. పుంత దారి దగ్గర టీ కొట్టుండేదండి. లోపల బల్ల మీద గాజు గ్లాసులు. బయట తాటాకు చూర్లో గుచ్చి రెండు సత్తు గ్లాసులు. ఆ రెండూ మా పేటోళ్లకండి. నేను పదో తరగతిలో స్కూలు ఫస్టొచ్చాను. మా సైన్సు మేష్టారు సంతోషం పట్టలేక టీ ఇప్పిత్తానని తీసుకెళ్లారు. ఆయనకి గాజు గ్లాసులో ఇచ్చాడు కొట్టాయన. నన్ను చూసి, 'చూర్లో ఉంది తీసుకోమ్మా' అన్నాడు. తిట్టలేదండి. చాలా మర్యాదగా అన్నాడు. నేను గ్లాసు తీసుకుని కడుక్కుని చాపాను. తగలకుండా పైనించి పోశాడు. తాగి, మళ్లీ కడిగి, చూర్లో పెట్టేశాను. ఇద్దరి టీ ఒక గిన్నెలోదేనండి. మేష్టారు మంచోరేనండి. అంతసేపూ రోడ్డుకేసి చూత్తానే ఉన్నారు."

చెప్పడం అయిపోయింది. గుమాస్తా పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

పోలేశ్వరి చున్నీతో మొహం తుడుచుకుని తెర దగ్గరికి వెళ్లింది.

"పెద్ద కుళాయి తెల్లోళ్లదండి. చిన్నది నల్లోళ్లదండి" అంది. "బోర్డు మీద అదే రాసుంటాది. ఇదిగో, కింద చూడండి. రెండిటికీ నీళ్లొచ్చే గొట్టం ఒకటేనండి."

మేమెవరం ఆ గొట్టం చూడలేదు. డైరెక్టరు గారు కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగారు. గొట్టం ఒకటే.

"మరి దాన్ని ఎలా తీయించారండి?" అన్నాడు సత్తిపండు. "వొద్దన్నారా? కోర్టుకెళ్లారా? ఆ కాయితాలు కూడా దీన్లో ఉంటాయాండి?" ఇంకో పిల్లాడు లేచి, మా ఊళ్లో సత్తు గ్లాసులు పోయి కాయితం గ్లాసులొచ్చాయండి, కానీ బయటే తాగమంటారండి అన్నాడు. అందరూ ఒక్కసారే మాట్లాడ్డం మొదలెట్టారు. నేను ఫోటో తియ్యడం మర్చిపోయాను. ఏడాదంతా వెతికిన మూలాధార బోధన అప్పుడు జరిగింది, నా ఫైల్లో మాత్రం లేదు.

డైరెక్టరు గారు ప్రిన్సిపాల్ గదిలో తలుపేసుకుని చాలాసేపు ఆలోచించారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆయన నియమానికి కట్టుబడ్డ మనిషి, నియమమేమో ఆయన్నే ఇరుకున పెట్టింది. స్వయంగా చూసి చెప్పింది గనక మేడం మూలాధారమే. కాదనడానికి వీల్లేదు. అయితే అటెస్టేషన్ లేని మూలాధారం చెల్లదు. ఆ మాట బయటికి రాగానే రంగనాయకులు గారు పులిహోర విస్తరి పక్కన పెట్టి చెయ్యి కడుక్కుని లేచారు.

"ఇదిగోండి, ఇదీ ఒరిజినలంటే. చూశాను, విన్నాను" అని కాయితం లాక్కుని ఆకుపచ్చ సిరాతో అదే మాట రాసి సంతకం పెట్టారు. ఆ స్టాంపు జోలికి వెళ్లలేదు.

వారం తిరిగేసరికి ఉత్తర్వులొచ్చాయి. "సదరు కళాశాలయందు అరుదైన సజీవ మూలాధారము ఒకటి గుర్తింపబడినందున, మూలాధారమున్న చోటు నుండి సెక్షనును తరలించుట నియమవిరుద్ధము. కావున విలీనము రద్దు చేయడమైనది. సదరు మూలాధారమునకు తాను స్వయముగా చూచిన విషయములు మాత్రము పలుకుటకు అనుమతి ఇవ్వడమైనది."

మాకు అంతే చాలు. మేడం ఇప్పుడు ఏ పాఠమైనా తాను చూసినదాంతోనే మొదలుపెడతారు. మొన్న తేయాకు పెట్టెల్ని సముద్రంలో పారేసిన పాఠం చెప్పాలి. వాళ్లూళ్లో చేపల చెరువుల మీద పన్ను వేస్తే జనం ఏం చేశారో మొదలెట్టి, పావుగంటలో బోస్టన్ రేవుకి చేరుకున్నారు. పెదాలు ఆగకుండా కదులుతున్నా ప్రిన్సిపాల్ గారు ఏమీ అనలేకపోయారు, చేపల చెరువు దగ్గర తేయాకు ఎప్పుడు వచ్చిందో కెమెరాలో తెలియదు. కామర్సు పిల్లలు మళ్లీ వెనక బెంచీల్లో ఇరుక్కుంటున్నారు.

ఉత్తర్వుల్లో ఇంకో ముక్క ఉంది. పాత కాయితాల్ని భాండాగారాల్లో ఎలా కాపాడతారో ఆ నియమాలన్నీ ఈ మూలాధారానికీ వర్తిస్తాయట. ఎండ తగలనివ్వకూడదు. ఫ్లాషుతో ఫోటో తియ్యకూడదు. చేతుల చెమటకి పాడవుతుంది గనక తాకకూడదు. ఈ మేరకు గది గుమ్మానికి బోర్డు పెట్టాలి. బోర్డు పెట్టించి ఫోటో తీసి పంపవలసింది నాణ్యతా విభాగం.

నీలం రేకు మీద తెల్లక్షరాలతో రాయించుకొచ్చాను. "అరుదైన మూలాధారము. ముట్టుకోరాదు." మేకూ సుత్తీ పట్టుకుని వెళ్లేసరికి మేడం గుమ్మం దగ్గరే ఉన్నారు. బోర్డు అందుకుని చదివారు. నవ్వుతారనుకున్నాను.

"గవర్రాజు గారూ, ఇన్నాళ్లకి దీన్ని రాసి పెట్టారండి" అన్నారు నెమ్మదిగా. "మా అమ్మమ్మ మెళ్లో, మా అమ్మ మెళ్లో రాయకుండానే ఉండేది."

నా చేతిలో సుత్తి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గేసింది. రేకు మీద అక్షరాలు దగ్గరుండి రాయించినవాణ్ణి, 'ముట్టుకోరాదు' కొంచెం పెద్దగా రాయమని చెప్పినవాణ్ణి నేనే.

అంతలో బెల్లు మోగింది. గదిలోంచి పోలేశ్వరి వచ్చింది. బోర్డు చూసింది, మేడం మొహం చూసింది. మేడం చేతిలోంచి ఆ రేకు తీసుకుని నా చేతిలో పెట్టి, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, "రండి మేడం, కోర్టు కేసు సగంలో ఆపేశారు" అని లోపలికి లాక్కుపోయింది. సత్తిపండు రెండో చెయ్యి పట్టుకున్నాడు.

మూలాధారాన్ని ముట్టుకోవడం తీవ్రమైన ఉల్లంఘన. సమన్వయకర్తగా వెంటనే మండలికి తెలియజెయ్యాలి. కానీ చూడని విషయాన్ని చెప్పకూడదన్నది అంతకంటే పెద్ద నియమం. ఆ సమయంలో నేను కిటికీకేసి చూస్తున్నానండి.